పసుపు మోదుగకు కట్టిన ముడుపు

బాలమణికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తన కూతురు కావ్య నోట ఎన్నటికీ మాట రాదేమోనని.

చిన్న భయాలు కూడా తక్కువేం కాదు. పామంటే భయం, పిడుగంటే భయం, లారీ అంటే భయం. శామీర్‌పేట చెరువులో వల వేయడానికి పోయిన మొగుడు పరమేశ్ పొద్దెక్కినా రాకపోతే భయం, తొందరగా వచ్చేస్తే చేపలు పడలేదేమోనని భయం. అయితే ఇవన్నీ చుట్టాల్లాంటివి. వస్తాయి, కాసేపు కూర్చుంటాయి, తమ దారిన తాము పోతాయి. కావ్య గురించిన భయం మాత్రం ఇల్లరికం వచ్చిన అల్లుడిలా ఒకసారి వచ్చి కూర్చున్నది మళ్లీ లేవలేదు.

కావ్యకు మూడేళ్లు నిండవచ్చాయి. నడక వేళకే వచ్చింది, పరుగు వేళకు ముందే వచ్చింది. కావలసినదాన్ని వేలుపెట్టి చూపిస్తుంది. ఇవ్వకపోతే కొంగు పట్టుకుని లాక్కెళ్లి దాని ముందు నిలబెడుతుంది. నవ్వితే ముందు పళ్ల సందు కనిపిస్తుంది. ఇన్ని ఉన్నాయి కానీ మాట లేదు. ఉంటే ఓ "ఆఁ", లేకపోతే ఓ కేక.

అత్త యాదవ్వ తనకు తెలిసిన వైద్యాలన్నీ చేసేసింది. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. చిలక కొరికిన జామకాయ కోసం తోటలన్నీ తిరిగి, దొరికినదాన్ని కడగకుండా తినిపించింది. పిల్లకు మాట రాలేదు కానీ జామకాయల మీద మోజు పుట్టింది.

"పరేషాన్ గాకే పిల్లా," అనేది యాదవ్వ. "మీ మామకు నాలుగేండ్లు దాటినంక వచ్చినయి మాటలు. వచ్చినంక ఇగ సచ్చేదాక ఎవ్వలను మాట్లాడనియ్యలే. నా పెండ్లయిన సంది నేను మాట్లాడుతుంటే మధ్యల రాని రోజు లేదు."

పరమేశ్ మాత్రం దవాఖానకు పోదామనేవాడు. బాలమణి సరేననేది. సోమవారం పోదామనేది. సోమవారం వచ్చేసరికి పిల్లకు పడిశమనో, బస్సులు బంద్ అట అనో, ఇంట్లో కల్లాపి చల్లాల్సి ఉందనో ఏదో ఒకటి చెప్పేది. ఇంత భయపడే తల్లి దవాఖానకు ఎందుకు పోదో పరమేశ్‌కు అంతుపట్టేది కాదు. చేపల మనసు తెలిసినంతగా ఆడవాళ్ల మనసు తెలియదని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు.

బాలమణి ఏడో తరగతి దాకా చదివింది. ఆ ఏడు తల్లి మంచాన పడితే, తల్లి బదులు నాట్లకు వెళ్లింది. నాట్లయ్యాక కలుపు, కలుపయ్యాక కోత, కోతయ్యాక పెళ్లి. బడి ఎక్కడో దారిలో తప్పిపోయింది. అక్షరాల మీద ప్రేమ మాత్రం పోలేదు. అందుకే శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో, రాతి గుట్టల మధ్య ఉన్న పరిశోధన తోటలో కూలిపని దొరికినప్పుడు ఆమె తెగ సంబరపడింది. అక్కడ చెట్టు చెట్టుకూ ఒక రేకు బోర్డు ఉండేది. పైన తెలుగు పేరు, కింద ఎవరికీ నోరు తిరగని పేరు. కావ్యను చంకనేసుకుని, చెట్టు ముందు ఆగి, పైపేరు గట్టిగా చదివేది.

"కొండగోగు. అను బిడ్డా, కొండగోగు."

కావ్య బోర్డు మీద పాకే చీమను చూసి నవ్వేది.

మాఘం పోయి ఫాల్గుణం వస్తుంటే ఆ తోటను చూడాలి. బూరుగులు ఆకులన్నీ రాల్చుకుని, దొప్పల్లాంటి ఎర్రపూలు మాత్రం ఒంటిమీద మిగుల్చుకునేవి. కొండగోగు మోడుకొమ్మల మీద చేతెడు పసుపు పూలు పూసేవి. మామిడిపూత వాసనకు తేనెటీగలు దారితప్పి మనుషుల చెవుల్లో దూరబోయేవి. గుట్ట కింద మోదుగలన్నీ ఒకేసారి అంటుకున్నట్టు నిప్పురంగులో పూసేవి. ఆ మోదుగల నడుమ ఒక్క చెట్టు మాత్రం ఎవరి మాటా వినని పిల్లలా పసుపు పూలు పూసేది. అచ్చమైన పసుపుకొమ్ము రంగు. అలాంటి చెట్టు చుట్టుపక్కల ఇంకెక్కడా లేదని తోటలో అందరూ చెప్పుకునేవారు.

ఆ చెట్టు కోసమే సుప్రజ వచ్చింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చి యాప్రాల్ కాలనీలో ఇల్లు కట్టుకున్న ఉద్యోగస్తుల అమ్మాయి. పెద్ద చదువు చదువుతూ, పొద్దున్నే స్కూటీ మీద తోటకు వచ్చేది. తలకు చున్నీ చుట్టుకుని, భుజానికి సంచీ వేసుకుని, చెట్టు కింద నిలబడి పైకి చూస్తూ ఉండిపోయేది. ఆమెకు నిచ్చెన పట్టుకునే పని మేస్త్రి లింగస్వామిది. తోటంతా తన మీదే నిలబడి ఉందన్నట్టు నడిచే మనిషి. మేకలు కంచె దాటి వస్తే "పో! పో!" అని అతను వేసే కేక పక్కూరు అత్వెల్లి దాకా వినిపిస్తుందని కూలీలు నవ్వుకునేవారు.

ఫాల్గుణం మొదట్లో కావ్యకు పడిశం పట్టి, జ్వరం తగిలి, బాలమణి కొన్నాళ్లు పనికి రాలేదు. అసలు కథంతా అక్కడే అడ్డం తిరిగింది. ఆ నాలుగు రోజులూ వచ్చి ఉంటే ఏం జరుగుతోందో కళ్లారా చూసేది, ఎవరినైనా అడిగి తెలుసుకునేది. రాలేదు. వచ్చేసరికి పసుపు మోదుగ నిండా తెల్లగుడ్డ మూటలు వేలాడుతున్నాయి. ఒక్కో మూట మూతికీ ఎర్రదారం. చెట్టు మొదట్లో పగిలిన కొబ్బరిచిప్ప, పసుపు, కుంకుమ.

బాలమణి పార కింద పెట్టి నోరు తెరిచింది.

"వజ్రక్కా, గిదేందే? గీ చెట్టుకు గిన్ని ముడుపులేంది?"

వజ్రమ్మ అత్వెల్లి నుంచి వచ్చే కూలీ. తెలిసిన సంగతి ఒకటైతే చెప్పే సంగతులు రెండు.

"సుప్రజ మేడం గట్టింది," అంది గొంతు తగ్గించి. "నిచ్చెనేసుకొని మరీ గట్టింది. కట్టే ముందు పువ్వు పువ్వుకూ సన్న కుంచెతోని బొట్టు వెట్టింది. నా కండ్లతోని సూసిన. లింగస్వామి కొబ్బరికాయ గొట్టిండు."

"గంత సదువుకున్నామె ముడుపులు గట్టుడేందక్కా?"

"సదువుకుంటే కోరికలుండయా? పెండ్లి కోసమే అయ్యుంటది. ముప్పై దగ్గరికొస్తున్నట్టుంది. గిన్ని గట్టిందంటే మొగోడు దొరకుడు మస్తు కష్టమున్నట్టుంది."

"అట్ల గాదక్కా." బాలమణి చెట్టును కింది నుంచి పైకి చూసింది. అన్ని మోదుగలూ ఎర్రగా పూస్తే ఇదొక్కటే పసుపు పూయడం ఊరకే కాదనిపించింది. "గంత సదువుకున్నామె గట్టిందంటే ఉత్తగ గడ్తదా? గీ చెట్టుల ఏదో ఉన్నది."

ముడుపంటే తెలియని తెలుగువారుండరు. కోరిక చెప్పుకుని, గుడ్డలో బియ్యమో, పసుపో, రూపాయి బిళ్లో మూటగట్టి దేవుడి దగ్గరో చెట్టుకో కడతారు. కోరిక తీరేదాకా విప్పకూడదు. తీరిన తర్వాత కట్టిన చేతులే విప్పాలి. ఈ రెండు నియమాలూ బాలమణికి పలకాబలపం కంటే ముందే తెలుసు.

మర్నాడు పొద్దున, ఎవరూ రాకముందే, ఆమె పసుపు మోదుగ కిందికి వచ్చింది. పరమేశ్ పాత ధోవతిలోంచి చింపిన తెల్లగుడ్డ, యాదవ్వ నడుముకు కట్టుకునే ఎర్రదారపు ఉండలోంచి ఒక ముక్క. చూసేవాళ్లకు తేడా తెలియకూడదు, మేడం ముడుపుల్లో తనదీ ఒకటిగా కలిసిపోవాలి. మిగతా మూటల్లో పూల గుత్తి ఉన్నట్టు కనిపిస్తే, తనూ అందిన కొమ్మకున్న పూల గుత్తిని లోపలికి తీసుకుని, పసుపు కలిపిన బియ్యం పోసి మూతి కట్టింది. కావ్య పక్కనే నిలబడి రాలిన పూలను ఒకదానిలో ఒకటి దూర్చి ఆడుకుంటోంది.

"నా బిడ్డకు మాట రావాలె," అంది బాలమణి చెట్టుతో. "ఎక్కువొద్దు. నన్ను పిలిస్తే చాలు. ఎక్కువొచ్చినా ఏం కాదు, మా మామ లెక్క వచ్చినా మోస్త."

ఆమె గుట్టుగా కట్టిన సంగతి వజ్రమ్మకు తెలియకుండా ఉంటుందా? తెలిసింది. వజ్రమ్మకు తెలిస్తే ఊరికి తెలియకుండా ఉంటుందా? కాముని పున్నమి వచ్చేసరికి పసుపు మోదుగకు ఎర్రమూటలు, పచ్చమూటలు, చారల లుంగీ ముక్కలు, రిబ్బన్లు, ఒక చేతిరుమాలు కూడా పూశాయి.

పున్నమి ముందు నాలుగు రోజులు కాలేజీ పని మీద తిరిగి, ఆ రోజు సుప్రజ తోటకు వచ్చింది. స్కూటీ స్టాండు కూడా సరిగ్గా వేయలేదు. అది పక్కకు ఒరిగి పడిపోయినా వెనక్కి చూడలేదు.

"లింగస్వామి గారూ! ఇదేంటండీ? నేను కట్టినవన్నీ తెల్లవి కదా, ఈ చారల గుడ్డ ఎవరిది? ఈ రిబ్బనేంటి?"

"నాకేం ఎరుక మేడం? చెట్టు మీదికి నేనెక్కుతనా?"

సుప్రజ చేతికందిన పచ్చమూట విప్పింది. ఎండు ఖర్జూరాలు రాలాయి. చారలది విప్పితే ఇంటర్ పరీక్ష హాల్ టికెట్ జిరాక్స్, మడతలో అక్షింతలు. అప్పటికి చుట్టూ చేరిన ఆడవాళ్లంతా ఒక్కసారిగా "అయ్యో!" అన్నారు. వజ్రమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"మేడం, గది నా మనుమనిది! ఇగ వాడు తప్పిండంటే నీదే జిమ్మెదారి!"

"మనవడు చదువుకుంటే పాసవుతాడమ్మా! అసలు ఇవన్నీ ఇక్కడెందుకు కట్టారు?"

"నువ్వు గట్టలేదా? నువ్వు గట్టినవని మేమూ గట్టినం. నువ్వొక్కదానివే పెండ్లి జేసుకోవాల్నా, మా పోరలు పాసు గావద్దా?"

సుప్రజకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక ఏడవాలో నవ్వాలో తెలియక చెట్టు మొదట్లో కూర్చుండిపోయింది.

"ఇవి ముడుపులు కావమ్మా. సంచులు. పూల మీద పిట్ట వాలకుండా, ఈగ దూరకుండా కట్టాను. ఈ చెట్టు తన పుప్పొడితో తానే కాయ కాస్తుందా, పిట్టలు పక్క చెట్ల పుప్పొడి మోసుకొస్తేనే కాస్తుందా అని చూడాలి. పక్క చెట్లన్నీ ఎర్రవి. వాటిది కలిస్తే పుట్టే మొక్కకు ఈ పసుపు వస్తుందో రాదో."

"మరి బొట్టు వెట్టినవ్ గద?"

"బొట్టు కాదు! దాని పుప్పొడి దానికే కుంచెతో అద్దాను. లింగస్వామి గారూ, అసలు కొబ్బరికాయ ఎవరు కొట్టమన్నారు మిమ్మల్ని?"

లింగస్వామి గొంతు సవరించుకున్నాడు. "చెట్టుకు గొట్టలే మేడం. నిచ్చెనకు గొట్టిన. పోయినేడు గదే నిచ్చెన మీదికెల్లి పడ్డ, నడుము ఇంకా గుంజుతాంది."

ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. సుప్రజ కూడా నవ్వేసింది. ఎవరి ముడుపు వాళ్లే విప్పుకుని గేటు దగ్గరి వేపచెట్టుకు కట్టుకోవాలని, అక్కడికి మారిస్తే మొక్కు చెడదని లింగస్వామి అప్పటికప్పుడు ఒక శాస్త్రం కనిపెట్టాడు. జనం సమాధానపడ్డారు. మూటలు వేపకు తరలిపోయాయి. మళ్లీ పసుపు మోదుగ మీద తెల్లమూటలే మిగిలాయి.

సుప్రజ వాటిని కింది నుంచి చూసుకుంటూ పోయి, ఒకదాని దగ్గర ఆగింది.

"ఈ గుడ్డ నాది కాదే. నేత వేరుగా ఉంది." దారం మీద చెయ్యి వేసింది.

"మేడం! గది ఇప్పకుండ్రి!"

బాలమణి అరిచిన అరుపుకు కొమ్మమీది గోరింకలు లేచిపోయాయి. కావ్యను చంకనేసుకుని పరుగెత్తుకొచ్చి, చెట్టుకూ సుప్రజకూ నడుమ నిలబడింది.

"నీదా బాలమణీ? అందరూ మార్చుకున్నారుగా, నువ్వూ వేపకు కట్టుకో."

"నేను గీ చెట్టుకే చెప్పుకున్న మేడం. వేపచెట్టుకు మల్ల మొదటికెల్లి చెప్పాలె. నాకు చెప్ప వశంగాదు."

"ఏం చెప్పుకున్నావు?"

బాలమణి కూతుర్ని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. చంకలోని కావ్య సుప్రజ చున్నీ కొస పట్టుకుని, దాన్ని చూపిస్తూ "ఆఁ" అంది. సుప్రజ ఆ పిల్లను చాలాసార్లు చూసింది, చాక్లెట్లిచ్చింది. ఆ పిల్ల నోటి నుంచి మాట వినలేదన్న సంగతి మాత్రం ఇప్పుడే గుర్తొచ్చింది.

"పిల్ల కోసమా?"

ఆ ఒక్క మాటకు బాలమణికి కన్నీళ్లు ఆగలేదు. ముక్కు చీదుకుంటూ చెట్టు కింద కూర్చుంది. సుప్రజ పక్కన కూర్చుంది. వసకొమ్ము, చిలక కొరికిన కాయ, మామగారి నాలుగేళ్లు, అన్నీ విన్నది.

"పిల్లకు చెవులు వినిపిస్తాయా బాలమణీ?"

బాలమణి నేలమీది పూలను కొంగులోకి ఏరసాగింది. ఇంట్లో ఎవరికీ చెప్పని మాట, మొగుడికీ చెప్పని మాట, ఆ పూలకు చెప్పినట్టు చెప్పింది.

"ఓనాడు దీని యెనకనే ఇత్తడి తాంబాళం పడ్డది మేడం. అత్త ఉల్కిపడ్డది, నేను ఉల్కిపడ్డ. ఇది ఇట్ల మల్లి గూడ సూడలే."

"మరి డాక్టరు దగ్గరికి వెళ్లలేదా?"

"పోతే ఆయన ఏమంటడో ఎరుకైతది గద. ఇప్పుడైతే రేపొస్తది, ఎల్లుండొస్తది అని పండుకుంట. ఇగ రాదు అన్నడంటే ఏం జెయ్యాలె? ముడుపు గడ్తే గా బాధ లేదు. చెట్టు లేదనదు."

సుప్రజ చెట్టు మీది సంచులకేసి చూసింది. ముక్కు తుడుచుకుని, బాలమణి కూడా కళ్లెత్తి వాటిని చూస్తూ అడిగింది.

"మీ సంచులు ఎప్పుడు ఇప్పుతరు మేడం?"

"విప్పాలి. పూత అయిపోయింది, నిజానికి ఈపాటికే చూడాలి. కాలేజీలో పనులుండి..."

"పనులా? మొన్న సోమారం వస్తిరి, చెట్టు సుట్టు తిర్గితిరి, పోతిరి. మల్ల నాలుగు దినాలు పత్తా లేకపోతిరి. నేను సోమారం దవాఖానకు పోతనన్నట్టే ఉన్నది మీ తీరు."

సుప్రజ మొహం ఎర్రబడింది. తర్వాత నవ్వొచ్చింది. రెండేళ్ల నుంచి ఈ చెట్టు వెంటే తిరుగుతోంది. పోయిన ఏడాది గాలివాన సంచులన్నిటినీ కొట్టుకుపోయింది. ఈసారి లోపల వట్టి ఎండుపూలే ఉంటే ఏం రాయాలో, కాలేజీలో పెద్దసారుకు ఏం చెప్పాలో ఆమెకు తెలియదు.

"సరే," అంది లేచి చున్నీ దులుపుకుంటూ. "నీ ముడుపు నేను ముట్టను. దానికి నీలం దారం కడతాను, అది నీ గుర్తు. కానీ ఈ సోమవారం నువ్వు పిల్లను తీసుకుని సికింద్రాబాద్ ఆసుపత్రికి వెళ్లాలి. నేనూ వస్తాను. తిరిగొచ్చి నేను సంచులు విప్పుతాను, నువ్వు నిచ్చెన పట్టుకోవాలి."

"లింగస్వామన్న పట్టుకోడా?"

"ఆయన మళ్లీ కొబ్బరికాయ కొడతాడు."

సోమవారం వచ్చింది. ఈసారి పిల్లకు పడిశం లేదు, బస్సులు బంద్ లేవు. బాలమణి పొద్దున్నే కల్లాపి కూడా చల్లేసింది. పరమేశ్ వల ఆరేసి, ఉన్నదాంట్లో మంచి చొక్కా తొడుక్కున్నాడు. యాదవ్వ గడపలో నిలబడి, "నాలుగేండ్లకు వస్తదంటే ఇనరు," అని గొణుగుతూనే పిల్ల బుగ్గన దిష్టిచుక్క పెట్టింది. అల్వాల్ మీదుగా పోయే బస్సులో కావ్య కిటికీకి ముక్కు ఆనించి, మచ్చ బొల్లారం దాటేదాకా కనిపించిన ప్రతి కుక్కనూ చేత్తో పిలిచింది.

సుప్రజ దవాఖాన గేటు దగ్గర కలిసింది. లోపల ఒక గదిలో కావ్యను బొమ్మల మధ్య కూర్చోబెట్టి, వెనక నుంచి గంటలు, గిలకలు, డప్పు మోగించి చూశారు. ఏవో తీగలు పెట్టి చూశారు. బాలమణి ఆ మధ్యాహ్నమంతా పరమేశ్ చొక్కా చివర పట్టుకుని నలిపేసింది. మంచి చొక్కా కాస్తా మంచిది కాకుండా పోయింది.

చివరికి డాక్టరు వాళ్లను లోపలికి పిలిచాడు. నెరిసిన మీసాల మనిషి, తొందర లేనివాడు.

"పాపకు వినికిడి బాగా తక్కువ. అయితే మొత్తం లేకుండా పోలేదు."

"మాటొస్తదా సారూ?" బాలమణి చొక్కా చివర ఇంకా వదల్లేదు.

"వినిపిస్తే వస్తుందమ్మా. చెవికి మిషన్ పెట్టాలి. పెట్టినంత మాత్రాన తెల్లారి మాట్లాడదు. మీరు నేర్పాలి, వారం వారం ఇక్కడికి తేవాలి. ఆలస్యంగా వస్తుంది, కొన్ని మాటలు సరిగ్గా పలకకపోవచ్చు. ఓపికుందా?"

"మస్తున్నది సారూ," అంది బాలమణి. ఆ తర్వాత బయటికొచ్చి, వరండాలో గోడకు ఆనుకుని, సుప్రజ భుజం మీద తలపెట్టి ఏడ్చింది. పరమేశ్ కంగారుపడ్డాడు.

"రాదన్నడా? వస్తదనే అన్నడు గదనే!"

"వస్తదన్నడనే ఏడుస్తున్న. నువ్వూకో."

మర్నాడు మాట ప్రకారం బాలమణి నిచ్చెన పట్టుకుంది. సుప్రజ ఒక్కో సంచీ విప్పి చూసింది. ఒకదాంట్లో ఎండుపూలు. ఇంకోదాంట్లో ఎండుపూలు. పైపైకి పోయేకొద్దీ అన్నిట్లో అవే. చిట్టచివరి కొమ్మ దగ్గర మాత్రం, ఒక సంచిలోంచి పలచటి పచ్చటి కాయలు బయటపడ్డాయి, పసిపిల్ల చెవుల్లా మెత్తగా.

"ఉన్నయా మేడం?"

"ఎక్కడో ఒకటీ అరా. దీనికి తన పుప్పొడి అంతగా ఒంటబట్టదు బాలమణీ. పిట్టలు రావాల్సిందే." సుప్రజ నిచ్చెన మీదే కూర్చుని నవ్వింది. "అంటే తన పుప్పొడే చాలని నేననుకున్నది తప్పు. విచిత్రం చూడు, నాకు బాధగా లేదు. మొన్నటిదాకా రాత్రుళ్లు నిద్ర లేదు. ఇవాళ ఆకలేస్తోంది."

"జొన్నరొట్టె దెచ్చిన, దిగుండ్రి," అంది బాలమణి.

ఎండలు ముదిరేసరికి కావ్యకు మిషన్ వచ్చింది. రొమ్ముమీద సంచిలో అగ్గిపెట్టంత డబ్బా, దాని నుంచి చెవిదాకా తీగ. మొదటిసారి పెట్టి "కావ్యా" అని పిలిస్తే, పిల్ల ఉలిక్కిపడి ముందు ఇంటి చూరును చూసింది, తర్వాత పిల్లిని చూసింది, చివరికి తల్లి పెదవుల మీద వేలు పెట్టి నొక్కింది. శబ్దం అక్కడి నుంచే వస్తోందని కనిపెట్టినందుకు తెగ మురిసిపోయింది. ఆ వేలిని బాలమణి చాలాసేపు అక్కడే ఉండనిచ్చింది.

మళ్లీ బోర్డుల ముందుకు ప్రయాణం మొదలైంది. కొండగోగు, రేల, బూరుగు, నల్లమద్ది. ఆషాఢం దాకా చదివింది. కావ్య శ్రద్ధగా వినేది, ఏమీ అనేది కాదు. వర్షాలు పడి తోటంతా పచ్చబడింది. పసుపు మోదుగ కూడా ఆకులు వేసుకుని, మిగతా మోదుగల్లో కలిసిపోయి, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

ఒకనాడు లింగస్వామి నీళ్ల పైపు భుజాన వేసుకుని వస్తున్నాడు. దారికి అడ్డంగా కావ్య కూర్చుని బురదతో ఇల్లు కడుతోంది. "ఓ పిల్లా, జరుగు, తడుస్తవ్" అంటూ పైపు ఈడ్చాడు. పైపు తగిలి బురద ఇల్లు కూలింది. కావ్య లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, మొహం ఎత్తి, అతనికేసి చూసి, గట్టిగా అంది:

"పో!"

లింగస్వామి చేతిలోని పైపు జారిపోయింది. కలుపు తీస్తున్న వాళ్లంతా తలలెత్తారు. ఇన్నేళ్లుగా మేకలను అదిలించిన అతని కేక, అదే గొంతుతో, అదే విరుపుతో, గజమంత పిల్ల నోట వచ్చింది.

"బాలమణీ!" అని అరిచాడు లింగస్వామి. "నీ బిడ్డ నన్ను తిట్టింది! ఏమన్నవే బిడ్డా? మల్లను! ఏందీ?"

"పో!" అంది కావ్య. ఈసారి ఇంకా బాగా వచ్చింది.

బాలమణి బురదలో పరుగెత్తుకొచ్చి పడబోయి నిలదొక్కుకుంది. నెలల తరబడి తను చదివిన పేర్లన్నీ వదిలేసి, కూతురు మేకల మాట పట్టుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. లింగస్వామి ఆ రోజంతా పని మానేసి, కనిపించిన ప్రతివాడినీ పిలుచుకొచ్చి పిల్ల ముందు నిలబెట్టి "పో" అనిపించాడు. మొదటి మాట తనదేనని సాయంత్రానికి శామీర్‌పేట చౌరస్తా దాకా చాటించుకున్నాడు. "పిల్లకు నా నోరొచ్చింది," అన్నాడు యాదవ్వతో. "నీ నోరు ఎందుకు రావాలె? మా ఆయన నోరొచ్చింది," అని యాదవ్వ కొట్లాటకు దిగింది.

మర్నాడే బాలమణి నీలం దారమున్న ముడుపును తన చేతులతో విప్పింది. బియ్యం చీమలు తీసుకుపోయాయి. లింగస్వామి కొబ్బరికాయ కొట్టాడు, ఈసారి చెట్టుకే.

తర్వాత మాటలు వచ్చాయి, డాక్టరు చెప్పినట్టే నెమ్మదిగా, కొన్ని వంకరగా. "అమ్మ" రావడానికి దీపావళి దాటింది. "జామకాయ" మాత్రం దానికంటే ముందే వచ్చేసింది. సుప్రజ తన చదువు పూర్తి చేసుకుని ఇంకో ఊరి తోటకు వెళ్లిపోయింది. పోయేటప్పుడు కావ్య ఆమెకు "పో" అని చెప్పకుండా "రా" అంది. ఆ రెండో మాట ఎవరు నేర్పారో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు కావ్య బడికి పోతోంది. శామీర్‌పేటలో మేడ్చల్ రోడ్డు పక్కనున్న బడే. పెద్ద భయం పోయిందని బాలమణి తీరిగ్గా ఉందనుకుంటున్నారా? ఆమె ఇప్పుడు తోటలో పాదులు చేస్తూ, చెయ్యి పాదులో, చెవి బడి గంట మీద పెట్టి ఉంటుంది. పిల్ల ఆటల్లో పడి గెంతినప్పుడు చెవి తీగ ఊడిపోతుంది. ఊడితే పిల్ల ఎవరికీ చెప్పదు. చుట్టూ నిశ్శబ్దమైపోయినా, అది కూడా ఒక ఆటే అనుకుని నవ్వుతూ ఆడుకుంటూనే ఉంటుంది. పంతులమ్మ వెనక నుంచి పిలుస్తుంది, పిల్ల పలకదు, పొగరనుకుంటుంది.

అందుకని ఒక చిన్న మాట. మీరెప్పుడైనా ఆ దారిన పోతుంటే, మధ్యాహ్నం బెల్లు వేళకు ఆ బడి గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నీలం లంగా వేసుకుని, ముందుపళ్ల సందుతో నవ్వే పిల్ల కనిపిస్తే, ఎదురుగా నిలబడి పేరు పెట్టి పిలిచి, తీగ చెవిలోనే ఉందో లేదో చూడండి. ఊడి ఉంటే మెల్లగా పెట్టండి. పెట్టాక ఆ పిల్ల మిమ్మల్ని "పో" అంటే ఏమీ అనుకోకండి, వినిపిస్తోందని అర్థం.

తల్లి పనిలో ఉంది, అంత దూరం నుంచి ఆమెకు కనబడదు. ఒకసారి చూసి వెళ్లండి.